జ్వరం రాని ఇల్లు

మా అత్తగారింట్లో ఎవరికీ జ్వరం రాదు. గొప్పకు చెప్పడం లేదు, గొప్పకు చెప్పుకునేవాళ్ళు వేరే ఉన్నారు. యలహంక పాతూరులో మా వీధి మొదట నిలబడి పిల్లమ్మ ఇల్లెక్కడని అడగండి, దారి చూపించే ముందు ఈ సంగతే చెబుతారు.

పిల్లమ్మ నాకు అవ్వా అవుతుంది, అత్తా అవుతుంది. మా అమ్మను కన్నదీ ఆవిడే, నా మొగుడు నాగరాజ్‌ను కన్నదీ ఆవిడే. మేనమామను చేసుకోవడం మావాళ్ళలో వింతేం కాదు. అవ్వ కూడా తన మేనమామనే చేసుకుంది. ఇంటి పిల్లను ఇంట్లోకే తెచ్చుకుంటే గుణం తెలిసి ఉంటుందంటారు. ఏ గుణమని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. పెళ్ళికి ముందు ఆయన్ని మామా అని పిలిచేదాన్ని, పెళ్ళయ్యాకా అదే పిలుపు.

పెళ్ళయిన నెలకు నాకు జ్వరం వచ్చింది. వానాకాలపు మామూలు జ్వరం. ఆ ఇంట్లో అదొక తమాషా అయిపోయింది. మామ అంగడి నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఏమే ఇది, ఇస్త్రీపెట్టె మాదిరి ఉండావు!" అని నవ్వాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. "మీ నాయన రక్తం," అంది. మా నాన్న దేవనహళ్ళివాడు, సంబంధం బయటిది. ఆయన మీద అవ్వకు ఎప్పుడూ ఏదో ఒక ఫిర్యాదు ఉంటుంది గానీ, చివరికి జ్వరం కూడా ఆయన నెత్తినే రుద్దుతుందని నేననుకోలేదు.

మా అమ్మకూ మామకూ మధ్య అవ్వకు ముగ్గురు మగపిల్లలు పుట్టారు. ముగ్గురూ చిన్నతనంలోనే పోయారు. పెద్దవాడు తొమ్మిదేళ్ళకు, నడిపివాడు నాలుగేళ్ళకు, చిన్నవాడు రెండేళ్ళకు. ఎట్లా పోయారవ్వా అని అడిగితే ఒకటే జవాబు: "సల్లగా పోయినారు." మా మాటలో సల్లగా అంటే రెండూ. కుండలో నీళ్ళు సల్లగా ఉంటాయి. సల్లగా ఉండు తల్లీ అని పెద్దవాళ్ళు దీవిస్తారు. బాధపడకుండా పోయినవాణ్ణి సల్లగా పోయినాడంటారు. ఆ పిల్లలు మూలగలేదు, కలవరించలేదు, వాళ్ళ ఒళ్ళు కాలలేదు. రెండు రోజులు దగ్గి, అన్నం వద్దని, పడుకుని మళ్ళీ లేవలేదు. పక్కిళ్ళ పిల్లలేమో ఒళ్ళు కాలి, ఏడ్చి గోలచేసి బతికారు. మా ఇంటి పిల్లలు చల్లగా ఉండి చచ్చిపోయారు. ఇందులో ఏదో తిరకాసు ఉందని ఇన్నేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మహదేవపురలో ఒక పెద్ద ల్యాబ్‌లో పొద్దస్తమానం ఊరివాళ్ళ రక్తాలతోనే నా పని. నాకైనా తట్టాలి కదా? తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది.

నా కూతురు చైత్రకు ఏడేళ్ళు. టీకా వేయించిన రోజు వీధిలో పిల్లలందరికీ ఒళ్ళు కాలింది, దానికి కాలలేదు. ఒకసారి చెవిలో చీము పట్టి దిండంతా తడిసింది, అప్పుడూ ఒళ్ళు వెచ్చబడలేదు. "అచ్చం మా ఇంటిది," అని అవ్వ మెటికలు విరిచింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ మురిశాను.

మొన్న జూలైలో వీధి వీధంతా జ్వరం పడింది. స్కూల్లో మొదలై ఇళ్ళకు పాకింది. పొద్దున పాల ప్యాకెట్ కోసం నడిచి వెళ్తే ఒక్కో గడపలోంచి దగ్గు, మూలుగు, ఎవరో పిల్ల ఏడుపు. పక్కింటి శాంతమ్మ మనవళ్ళు ఇద్దరూ మంచాల మీద పడి ఏవేవో పలవరిస్తున్నారు. తడిగుడ్డ పిండుతూ శాంతమ్మ నన్ను చూసి, "మీకేం తల్లీ, మీ ఇంటికి రాదు," అంది. ఆ మాట వింటూ మా గడప దాటాను. లోపల ఒక్క చప్పుడు లేదు. బండల నేల చల్లగా ఉంది. చైత్ర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒక పొడిదగ్గు దగ్గి నన్ను చూసి నవ్వింది.

"ఏం బంగారూ, తిన్నావా?"

"ఆకలి... లేదమ్మా."

మాటకూ మాటకూ మధ్య ఆగి గాలి తీసుకుంది. నుదురు తాకి చూశాను. స్టీలు గ్లాసును తాకినట్టు ఉంది. అమ్మయ్య, జ్వరం లేదు అనుకున్నాను. అనుకున్నాను గానీ, అరచేతిలో ఆ చల్లదనం చాలాసేపు అంటుకునే ఉంది. దగ్గుతోంది కాబట్టి ఊరికే చూద్దామని దాని ముక్కులోంచి స్వాబ్, చేతిలోంచి రెండు మిల్లీల రక్తం తీసుకున్నాను. సూది గుచ్చితే అది ఏడవలేదు. తన చేతినే, వేరే ఎవరిదో చూస్తున్నట్టు చూసింది.

దాన్ని అవ్వకు అప్పజెప్పి, ఆ నమూనాలు నాతో ల్యాబ్‌కు పట్టుకెళ్ళాను. మధ్యాహ్నానికి ఫలితాలు వచ్చాయి. స్వాబ్ పరీక్షలో మిషన్ వైరస్ ఆనవాలును మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేస్తూ పోతుంది. వైరస్ తక్కువుంటే ముప్పై చుట్లు తిరిగాక కనిపిస్తుంది, ఎక్కువుంటే ముందే కనిపిస్తుంది. ఆ రోజు వచ్చిన పిల్లల నమూనాలు చాలావరకు ఇరవై రెండు, ఇరవై ఆరు దగ్గర పలికాయి. చైత్రది పదమూడో చుట్టులో పలికింది. అంత ముందుగా పలికిన నమూనా ఆ వానాకాలంలోనే నేను చూడలేదు.

రక్తం చూశాను. ఒంట్లో ఎక్కడ గొడవ జరిగినా రక్తంలో సీఆర్పీ అనేది పెరుగుతుంది. మిగతా పిల్లలకు ఇరవై, నలభై ఉంది. చైత్రకు ఒకటి కూడా లేదు. తెల్లకణాలు రోజూ ఉండేన్నే ఉన్నాయి. రిపోర్టు నిండా నార్మల్, నార్మల్, నార్మల్. లేబుళ్ళు మారాయేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అవే అంకెలు. ముక్కులో అంత వైరస్ పెట్టుకుని, ఆ ఒళ్ళు తనకేమీ తెలియనట్టు ఊరుకుంది. 

డాక్టర్ హేమంత్‌కుమార్‌కు ఫోన్ చేశాను. యలహంక వైపు ఒక పిల్లల ఆస్పత్రిలో పనిచేస్తాడు, వాళ్ళ నమూనాలు మా ల్యాబ్‌కే వస్తాయి కాబట్టి నా గొంతు ఆయనకు తెలుసు. అంకెలు చెప్పాను.

"ఆ రెండూ ఒకే బిడ్డవేనా నళినీ మేడమ్? మిక్స్ కాలేదు కదా?"

"నా కూతురివే సార్. నేనే తీశాను."

"ఇప్పుడు ఎలా ఉందో ఇంటికి కనుక్కోండి. నేను లైన్లో ఉంటాను."

ల్యాండ్‌లైన్ నుంచి ఇంటికి చేశాను. "అవ్వా, పాప ఎట్లుండాది?"

"సల్లగుండాది. పండుకోని నిద్రపోతాండాది."

ఇటు తిరిగి డాక్టర్‌తో, "బాగుందంట సార్," అన్నాను.

"అయితే నమూనాలో ఏదో తేడా. సాయంత్రం తీసుకురండి, చూద్దాం," అని పెట్టేశాడు.

బాగుందంట! ఆ మాట అవ్వ అనలేదు, నేనన్నాను. అవ్వ తన చేతికి తెలిసింది ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని దీవెనగా మార్చుకుని డాక్టర్‌కు అందించిన మహాతల్లిని నేను. ఆపైన పెరుగన్నం కూడా తిన్నాను.

గంట గడిచింది. మా దగ్గర పనిచేసే అనిత ఫ్రిజ్‌లోంచి ట్యూబులు తీసి నేరుగా మిషన్‌లో పెట్టబోయింది. ఒకటి ముట్టుకుని చూసి, "ఆగమ్మా, ఇంకా సల్లగుండాది, కాసేపు బయట పెట్టు," అన్నాను. అన్న మాట నా చెవిలోనే పడింది. అవ్వ గొంతుతో పడింది. ట్యూబు చేతిలోంచి జారి నేల మీద పగిలింది.

ఫోన్ చేశాను. "అవ్వా, పాప కాళ్ళు ముట్టుకోని చూడు."

"సల్లగుండాయి మే. చేతులూ అంతే."

"గోళ్ళు ఏ రంగుండాయి?"

"నీలంగుండాయి. నేరేడుపండ్లు తినిందేమో. పెదిమలు గూడ నీలమే. ఎప్పుడు తినిందో నేను చూళ్ళేదు."

ఆ తర్వాత ఏం అరిచానో నాకు తెలియదు. ల్యాబ్‌లో అందరూ లేచి నిలబడ్డారని అనిత తర్వాత చెప్పింది. మామకు ఫోన్ చేస్తే అంగడి తెరిచిపెట్టి అలాగే పరుగెత్తాడు. ఆటోలో వేసుకుని ఆ పిల్లల ఆస్పత్రికే చేర్చాడు. నేను హెబ్బాళ దాటి చేరేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

చైత్ర ముఖానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు నల్లగా కనిపించాలి, దానివి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. థర్మామీటర్ తొంభై ఆరు చూపిస్తోంది. అదేమో నన్ను చూసి మాస్క్ లోపల నవ్వింది. నొప్పి లేదంది. పక్క మంచం మీద ఇంకో పిల్ల జ్వరంతో గుక్కపట్టి ఏడుస్తోంది, వాళ్ళమ్మ తల పట్టుకుని కూర్చుంది. దేవుడి మీద ఒట్టు, ఆ పిల్ల ఏడుపు వింటే నాకు అసూయ పుట్టింది.

డాక్టర్ నన్నూ మామనూ పక్కకు పిలిచాడు. "నళినీ మేడమ్, వైరస్ ఒక కణంలోకి దూరగానే ఆ కణం ముందు చేసే పని కేక వెయ్యడం. నేను పోతున్నాను, మీరు తలుపులేసుకోండని చుట్టూ ఉన్న కణాలకు చెబుతుంది. ఆ కేక పేరు ఇంటర్ఫెరాన్. అది వినగానే పక్క కణాలు గడియలు పెట్టుకుంటాయి, కాపలా కణాలు పరుగెత్తుకొస్తాయి, ఒళ్ళు వేడెక్కుతుంది. జ్వరమంటే జబ్బు కాదు, జబ్బు మీద ఒళ్ళు చేసే గొడవ. మీ పాప ఒంట్లో వైరస్‌ను పసిగట్టే చోటికీ కేక వేసే చోటికీ మధ్య తీగ తెగి ఉందనుకుంటున్నాను. జన్యు పరీక్ష చేస్తే గానీ గట్టిగా చెప్పలేను. ఇలాంటి కుటుంబాలు ప్రపంచం మొత్తంలో కొన్నే ఉన్నాయి. గట్టి వైరస్ తగలనంత కాలం వాళ్ళు మామూలుగానే బతికేస్తారు." కాస్త తటపటాయించి అడిగాడు. "మీది దగ్గరి సంబంధమా?"

"మేనమామ సార్," అన్నాను. మామ తల వంచుకున్నాడు. కాసేపయ్యాక చూస్తే, తన మణికట్టును తానే పట్టుకుని చూసుకుంటున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, తన ఒళ్ళు తనకే కొత్తగా తగిలినట్టు.

"వైరస్ మందు మొదలుపెట్టాం," అన్నాడు డాక్టర్. "అది చాలకపోవచ్చు. ఆ కేకనే సూదిమందుగా ఇవ్వొచ్చు. అందరికీ ఇచ్చే మందు కాదు. ఇప్పటికే ఆలస్యమైంది, పనిచేస్తుందని మాట ఇవ్వలేను. పనిచేస్తే ముందు జ్వరం రావాలి."

గంట ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన అనలేదు. సంతకం పెట్టాను.

ఆ మందు వెతికి తెప్పించేసరికి మరుసటి పొద్దున ఎనిమిదయింది. ఇచ్చారు. ఇక చూడటమే. తొంభై ఆరు. గంట తర్వాత కూడా తొంభై ఆరే. లోకంలో తల్లులందరూ బిడ్డకు జ్వరం తగ్గాలని మొక్కుతారు. నేను ఆ కుర్చీలో కూర్చుని, తల్లీ ఎల్లమ్మా, నా బిడ్డకు జ్వరమియ్యి, ఒళ్ళు కాలిపోయే జ్వరమియ్యి అని మొక్కాను.

పది గంటలకు అవ్వ వచ్చింది. కొంగున విబూది కట్టుకొచ్చింది. చైత్ర పాదం పట్టుకుని, "సల్లగుండాది గదమ్మా. ఎందుకింత రాద్ధాంతం?" అంది.

నాకు తిక్క రేగింది. "అవ్వా, ఇంకొకసారి ఆ మాటన్నావంటే నేను మనిషిని గాను! సల్లగుండేది బాగుండేది కాదు. ఒంట్లోకి చెడు దూరితే ఒళ్ళు కేకేయల్ల. ఆ కేకే జ్వరం. మనింట్లోవాళ్ళకు కేకేసేదే రాదు. లోపల కొంప మునుగుతాంటే బయటికి సల్లగా నవ్వుతాంటారు. తెలిసిందా?"

అవ్వ దాని పాదం వదిలి మంచం పక్కన నేల మీద కూర్చుంది. చైత్ర గోళ్ళ వైపు చాలాసేపు చూసింది. అరిచినందుకు నాకే బాధేసి, లేవదీద్దామని వంగాను. అప్పుడు చెప్పింది, చాలా మెల్లగా.

"పెద్దోడికి గూడ గోళ్ళు ఇట్లే ఉండె. గౌడరింటి సెట్టెక్కి నేరేడుపండ్లు దొంగతనంగా తిన్నాడనుకుంటిని. తినలేదమ్మా అనె. అబద్ధాలాడతావా అని వీపు మీద ఒకటి కొడితిని. ఏడ్వలేదు. నన్ను చూసి నగె." కొంగు నోట్లో కుక్కుకుంది. "తెల్లారేటప్పుడికి పోయె. నేను కొట్టిన దెబ్బే వానికి ఆఖరు నళినీ."

ఆవిడ పక్కన నేల మీదే కూర్చుండిపోయాను.

చైత్ర బతికింది. పన్నెండో రోజు దాని కాళ్ళతోనే నడిచి ఇంటికి వచ్చింది. మిమ్మల్ని ఉసూరుమనిపించడం నాకిష్టం లేదు కాబట్టి ముందే చెప్పేశాను. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ పన్నెండో రోజు గురించి కాదు, ఆ మధ్యాహ్నం గురించి.

పదకొండున్నరకు నర్సు తొంభై ఎనిమిది అంది. నేను నమ్మలేదు, ఇంకొకసారి పెట్టమన్నాను. పన్నెండుకు తొంభై తొమ్మిదిన్నర. చైత్ర చెంపల మీద ఏదో రంగు పాకింది. పుట్టిన ఏడేళ్ళలో దాని ముఖం మీద నేనెప్పుడూ చూడని రంగు. కళ్ళు తెరిచి పైకప్పును చూసింది, గదిలో మూలమూలా చూసింది, తర్వాత నా వేలు గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, లోపల ఎవురో ఉండారు."

"ఎక్కడ నాయనా?"

"నా లోపల. తలుపులు కొడతాండారు. శానామంది ఉండారు."

గడగడా వణికింది. మంచం ఇనుప కాళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మామ భయపడి గోడకు ఆనుకున్నాడు. "ఎవురమ్మా వాళ్ళు?" అని చైత్ర మళ్ళీ అడిగింది. దానికేం చెప్పాలి? ఏడేళ్ళుగా నీ ఇంట్లోనే నిద్రపోతున్నవాళ్ళు, ఇప్పుడు లేచారు అని చెప్పాలా? "మనవాళ్ళే, భయపడొద్దు," అన్నాను. నర్సు జ్వరం మాత్ర తీసుకొచ్చింది. డాక్టర్ చెయ్యి అడ్డం పెట్టి, "కాసేపు ఆగండి," అన్నాడు. నూటొకటి.

అవ్వ లేచి నిలబడింది. ఏదైనా గొడవ చేస్తుందని నేను అడ్డం వెళ్ళాను. నన్ను తోసేసి, రెండు అరచేతులూ చైత్ర చెంపల మీద పెట్టింది. అయిదుగుర్ని కని, మనవరాలిని పెంచిన చేతులు. వెచ్చని బిడ్డ ఎలా ఉంటుందో వాటికి తెలియదు. "అబ్బా, కాలతాందే!" అంది. చేతులు తియ్యలేదు. వంగి దాని చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఉడుకుగుండు తల్లీ. నూరేండ్లు ఉడుకుగుండు."

పక్క మంచం పిల్ల తల్లి అదిరిపడి చూసింది. తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. అదేం దీవెన, అది శాపమో దీవెనో ఎవరికి తెలుసు? అవ్వ ఆమెను చూడలేదు. ఎవర్నీ చూడటం లేదు. చేతులు చైత్ర చెంపల మీదే ఉన్నాయి, కళ్ళు మాత్రం మంచం అవతల, నేలకు కాస్త ఎత్తులో, ఒకరి పక్కన ఒకరు పిల్లలు నిలబడితే వాళ్ళ తలలు ఉండే ఎత్తులో, ఒకచోట నుంచి ఇంకోచోటికి కదిలాయి. అక్కడ ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు.

"ఉడుకుగుండు పెద్దోడా," అంది అవ్వ. "ఉడుకుగుండు నడిపోడా. ఉడుకుగుండు నాయనా, సిన్నోడా."